సీటు కింద నంబరు

చిరంజీవి పానాకి,

పెద్దనాన్న దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా కులాసా. అక్కడ నువ్వూ నీ సుత్తులూ కులాసా అని తలుస్తాను.

బండిని నిన్న పొద్దున్న లారీ ఎక్కించాను. డ్రైవరు దాన్ని బస్తాల మీద పడుకోబెడతానన్నాడు. "నాయనా, అది నలభై రెండేళ్లుగా నిలబడే ఉంది, ఇప్పుడు పడుకోమంటే దానికి చేతకాదు" అని చెప్పి, నాలుగు వైపులా తాళ్లు కట్టించేదాకా లారీ దిగలేదు. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి ఆర్.సి. పుస్తకం కాపీ అతనికిచ్చాను. అది తీసుకుని జాగ్రత్త చెయ్యి.

ఫోను చెయ్యచ్చుగా అంటావు. నీకు ఫోను చేస్తే నీ గ్రైండరు మాట్లాడుతుంది తప్ప నువ్వు మాట్లాడవు. పైగా నా కుడి చెవి నాతో పాటే రిటైరైంది. ఉత్తరమైతే ఎవరూ అరవక్కర్లేదు.

ఇక పని సంగతి. కొన్న రోజున ఎలా ఉందో ఈరోజుకీ అలాగే ఉన్న బండి అది. ఒక్క బోల్టు మారలేదు. ఇంజను దగ్గు మానాలి, తుప్పు పోవాలి, నల్లరంగు ఉన్నచోట మళ్లీ నల్లరంగే పడాలి. అంతే. సొంత తెలివి చూపించకు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై మూడేళ్లు చేశాను, దొంగ సీలు ఉంటే కొట్టు గుమ్మంలోనే నాకు వాసన వచ్చేది. ఎంత చిన్న మార్పు చేసినా పట్టేస్తాను.

"ఆడపిల్ల గ్రీజులో చేతులు పెడితే ఎలా" అని మీ నాన్న ఇల్లెగరగొట్టిన రోజున నీ తరఫున మాట్లాడింది నేనొక్కణ్ణే. ఐదేళ్ల వయసులో నా పానా ఎత్తుకుపోయి దిండు కింద పెట్టుకుని పడుకున్న పిల్లవి. నీ చెయ్యి మీద నాకు నమ్మకం.

ఇట్లు,
మీ పెద్దనాన్న

తా.క.: సీటు కింద చాసిస్ నంబరు కొట్టి ఉన్న చోట తుప్పు తొందరగా పడుతుంది. అక్కడ రంగు రెండు పూతలు ఎక్కువ వేసెయ్యి. అంకెలు కనపడకపోయినా ఫరవాలేదు. అంకెలు చదువుకోవడానికి కాదు కదా మనం బండి కొనుక్కున్నది.

*

పెద్దనాన్నగారికి,

పానా నమస్కారాలు. నేను క్షేమం. మీ బండి నాకంటే క్షేమం.

లారీ డ్రైవరు బండి దింపి, "ఇది ఎవరి బండమ్మా, మా నాన్నని పంపినప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు ఎవరూ" అన్నాడు. ఆర్.సి. కాపీ ఇచ్చాడు. గోడకి మేకు కొట్టి తగిలించాను.

ఇప్పుడు షెడ్డులో ఎడమ గోడ వైపు మీ బండి, కుడి గోడ వైపు పళ్ల డాక్టరుగారి బండి. విచిత్రం ఏమిటంటే రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు. మీరు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచమంటారు. ఆయనేమో వెనక భాగం కోసెయ్యమంటారు. ఒక్క మనిషి పట్టే చిన్న సీటు కావాలట, ట్యాంకు మాత్రం తెల్లగా పళ్లలా మెరవాలట. మీరు తిట్టుకోకండి, నాకు అదీ పనే. పదిమంది పాతదాన్ని కొత్తగా చెయ్యమంటే, పాతదాన్ని పాతగానే ఉంచమనేది మీలాంటి వారొక్కరే.

రెండు బళ్లూ విప్పేశాను. మీ సామాను నీలం ట్రేలలో, డాక్టరుగారిది ఎర్ర ట్రేలలో పెట్టాను. చాసిస్‌లు రెండింటినీ, అంటే బండికి వెన్నెముక లాంటి ఇనప చట్రాల్ని, పాత రంగు ఊడటానికి ఇసక కొట్టే షెడ్డుకి పంపాను. రేపు వస్తాయి. రంగూ తుప్పూ పోయి బూడిద రంగులో కవల పిల్లల్లా వస్తాయి. ఆ షెడ్డాయన "ఎవరిది ఏదో చీటీ కట్టి పంపమ్మా, తర్వాత తికమక పడతావు" అన్నాడు. "మా పెద్దనాన్న బండిని కళ్లకి గంతలు కట్టినా తడిమి చెప్తాను" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వనివ్వండి.

పెద్దమ్మకి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ పానా

తా.క.: డాక్టరుగారి బండికి కాగితాలు లేవు. అది వాళ్ల మామగారి బండి. ఆర్.సి. పుస్తకం అత్తగారి బీరువాలో ఉంది. ఆయన ఆవిడకి ఒక పన్ను బదులు ఇంకో పన్ను పీకినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవట.

*

చిరంజీవి పానాకి,

దీవెనలు. నీ ఉత్తరం చేరింది. పళ్ల డాక్టరు సంగతి చదివితే నాకు పన్ను నొప్పి వచ్చింది.

బండిని కొయ్యడమేమిటే? తయారు చేసినవాళ్లు ఎన్ని లెక్కలు వేసి చేసి ఉంటారు! దాన్ని పట్టుకుని కోసి, అతికి, రంగులు పూస్తే తాతగారికి చిరుగుల ప్యాంటు తొడిగినట్టు ఉంటుంది. ఆ పని చేయించుకునేవాళ్లందరికీ ఒకటే జబ్బు, నలుగురూ చూడాలని. చూస్తారు. బాగా చూస్తారు. ఆ చూపులు ఎలా ఉంటాయో అనుభవించిన వాళ్లు చెప్పగా విన్నాను.

ఇక్కడ ఒక ఉపద్రవం వచ్చిపడింది. మన ఎదురింటి లాయరుగారు వచ్చే నెల మూడో ఆదివారం పాత బళ్ల ప్రదర్శన అని తన బండి పేరు రాయించుకుంటూ, నా బండి పేరు కూడా రాయించేశారు. "అసలు సిసలు" అని ఒక వరుస ఉందట, అందులో. నన్ను అడగనైనా అడగలేదు. "ఒక్క బోల్టు మారలేదని ఇరవయ్యేళ్లుగా చెప్తున్నారుగా, ఇప్పుడు పదిమందిలో రుజువైపోతుంది" అన్నారు. లాయరు కదా, పొగిడినా సమన్లు ఇచ్చినట్టే ఉంటుంది. అక్కడ ముగ్గురు జడ్జీలుంటారట. ఆర్.సి.లో నంబరూ చాసిస్ మీద నంబరూ పక్కపక్కన పెట్టి చూస్తారట. ఏం మనుషులో, బండి అందం చూడచ్చుగా!

అందుకని నీకు చెప్పేదేమిటంటే, తొందరేమీ లేదు. నింపాదిగా చెయ్యి. వచ్చే నెల నాలుగో వారానికి అందినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
మీ పెద్దనాన్న

తా.క.: సీటు కింద రెండు పూతలు అన్నాను కదా, నాలుగు చెయ్యి.

మళ్లీ తా.క.: పెద్దమ్మ రాస్తున్నాను తల్లీ. ఈ ప్రదర్శన మాట వచ్చినప్పటినుంచి మీ పెద్దనాన్న అన్నం ముందు కూర్చుని లెక్కలు వేస్తున్నట్టు చూస్తున్నారు. ఏమిటంటే ఏమీ లేదంటారు. ఆయన ఏమీ లేదన్నప్పుడల్లా ఏదో ఉంటుంది.

*

పెద్దనాన్నగారికి,

నమస్కారాలు. ఉత్తరంలో క్షేమం అని రాయాలి కాబట్టి, క్షేమం.

పని బాగా నడుస్తోంది. మీ చాసిస్ కోసే పని, అంటే తుడిచే పని, అయిపోయింది. ఇంజను దగ్గు పూర్తిగా తగ్గింది. ఇంజను గురించి ఎంతైనా రాయగలను. రాయమంటారా? ఇంజను చాలా బాగుంది. ఇంజనుకి ఏమీ కాలేదు.

ఒక చిన్న సందేహం. మీ ఆర్.సి.లో చాసిస్ నంబరు సరిగ్గానే రాసి ఉందా? ఆ రోజుల్లో గుమాస్తాలు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి నిద్రమత్తులో అంకెలు రాసేవాళ్లని విన్నాను. సీటు కింద నంబరు మీరు ఎప్పుడైనా చూశారా? చూసి ఉంటే గుర్తుందా? గుర్తులేకపోతే మరీ మంచిది, ఈ వయసులో బుర్రని కష్టపెట్టకండి.

ప్రదర్శనకి వెళ్లి తీరాల్సిందేనా? జనం ఉంటారు. ఎండ ఉంటుంది. లాయరుగారు ఉంటారు.

మనిషిని తూచేటప్పుడు ఒక్క తప్పే రాయిగా పెట్టి తూచకూడదని మీరు ఎప్పుడో అన్నట్టు గుర్తు. అన్నారు కదా? అనకపోతే ఇప్పుడైనా అనండి.

ఇట్లు,
పానా

తా.క.: సీటు కింద రెండు పూతలు నాలుగు ఎందుకయ్యాయి? అక్కడ ఏదో జరిగిందని మీకెవరైనా చెప్పారా? ఇసక షెడ్డాయన మీకు ముందే తెలుసా?

*

చిరంజీవి పానాకి,

ఇది చదివి చింపెయ్యి. ఇంట్లో మీ పెద్దమ్మ భుజం మీదుగా చూస్తుందని గ్రంథాలయానికి వచ్చి, పేపరు అడ్డం పెట్టుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ తోచలేదు. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి చెమటలు పట్టాయి. సీటు కింద సంగతి నీకు తెలుసు. నాకూ తెలుసు. ఇంక ఇద్దరం దాగుడుమూతలు ఆడి లాభం లేదు.

నేను నిన్ను ఏమీ అడగను. నువ్వూ నన్నేమీ అడక్కు. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది. అద్దంలో మొహం చూసుకోలేక నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ముప్ఫై మూడేళ్లు ఊళ్లోవాళ్ల దొంగ తూకాలు పట్టుకున్నవాడి ఇంట్లోనే ఇలాంటిది ఉందని బయటపడితే, నేను జరిమానా వేసిన వ్యాపారస్తులంతా వరసగా నిలబడి నవ్వుతారు. మీ నాన్నయితే నవ్వడు, "నేను ముందే చెప్పలేదా" అంటాడు. దానికంటే నవ్వే నయం.

మీ పెద్దమ్మకి మాత్రం తెలియకూడదు. ఆవిడ తట్టుకోలేదు.

నీకు చేతనైతే ఏదో ఒకటి చేసి కప్పెట్టు. ఎలా చేశావని అడగను. ఇలాంటి మాట నా చేత్తో రాస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఇట్లు,
మీ పెద్దనాన్న

తా.క.: ఇసక షెడ్డాయన ఎవరు? ఆయనకి కూడా తెలుసా? ఇంకా ఎంతమందికి తెలుసు?

*

పెద్దనాన్నగారికి,

పాదాలకి నమస్కరించి రాస్తున్నాను. ఇలా ఎప్పుడూ రాయలేదు. ఈరోజు మామూలుగా నమస్కారం అనడానికి మొహం చెల్లలేదు.

మీకు ఎలా తెలిసిందో నాకు తెలీదు. తెలిసి కూడా ఒక్క తిట్టు తిట్టలేదు. "కప్పెట్టు" అని రాశారు. సొంత బావమరిది కొట్లో తక్కెడ సీజు చేసి, ఆ తర్వాత రెండేళ్లు అత్తారింట్లో మంచినీళ్లు కూడా పుట్టని మనిషి మీరు. నాకోసం ఆ మాట రాశారు. అది చదివి షెడ్డు తలుపులు వేసుకుని ఏడ్చాను. ఇంక దాచలేను.

మీ చాసిస్ నేను కోసేశాను.

చీటీ కట్టలేదని రాశాను కదా. రెండూ ఒకేలా వచ్చాయి. మామూలుగా పంపేముందే నంబర్లు పుస్తకంలో రాసుకుంటాను. మీ బండి కాబట్టి రాసుకోలేదు, గర్వం. ఒకదాన్ని తడిమి చూశాను, "ఇది డాక్టరుగారిది" అనిపించింది. నాకు అనిపించింది, అంతే. సీటు దగ్గర్నుంచి వెనక భాగం కోసి, చివర్లు వంచి, అతికాను. నంబరున్న ముక్క అలాగే ఉంచుదామనుకున్నాను. వెల్డింగు దాని మీదికి పాకింది. నున్నగా చేద్దామని గ్రైండరు పట్టాను. అంకెలు మాయం.

తర్వాత రెండో చాసిస్‌కి మీరు చెప్పిన నాలుగు పూతలు వెయ్యబోతూ, ఎందుకైనా మంచిదని సీటు కింద నంబరు చదివాను. గోడ మీద మీ ఆర్.సి. చూశాను. కలవలేదు. ఆరుసార్లు చదివాను. ఆరుసార్లూ కలవలేదు. అంటే నా చేతిలో ఉన్నది డాక్టరుగారిది, నేను కోసింది మీది. ఆయన కాగితాలు చూద్దామంటే అత్తగారి బీరువాలో ఉన్నాయి.

ఇంకో మాట కూడా చెప్పెయ్యాలి. ఇది కొయ్యడం కంటే సిగ్గుచేటు. ఇనుము మీద అంకెలు కొట్టే అచ్చుల పెట్టె కొన్నాను. డాక్టరుగారి చాసిస్ మీద ఉన్న నంబరు అరగదీసి, మీ ఆర్.సి. నంబరు కొట్టి, మీ బండిగా పంపేద్దామనుకున్నాను. ఆయనకెలాగూ కోసిందే కావాలి, మీకెలాగూ కొయ్యనిది కావాలి, ఎవరికీ నష్టం లేదని నాకు నేనే లాయరు పని చేసుకున్నాను. మొదటి అంకె అచ్చు ఆనించి సుత్తి ఎత్తాను. అప్పుడు మీరు గుర్తొచ్చారు. దొంగ సీలు కొట్టినవాడి చేతులు చూస్తే తెలుస్తుందనేవారు. నా చేతులు చూసుకున్నాను. సుత్తి దించేశాను.

నాకోసం మా నాన్నతో గొడవపడ్డ ఒకే ఒక్క మనిషి బండిని పాడుచేశాను. మీరు ఏ శిక్ష వేసినా సరే. లాయరుగారికి నేనే ఉత్తరం రాస్తాను, తప్పంతా నాదేనని. మీరు మాత్రం గడ్డం గీసుకోండి.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: ఇసక షెడ్డాయనకి ఏమీ తెలీదు. ఆయన చీటీ కట్టమన్నాడు, అంతే. ఇప్పుడు ఆయన ఎదురైతే రోడ్డుకి అటువైపు నుంచి వెళ్తున్నాను.

*

నా తల్లికి,

నీ ఉత్తరం అందగానే నేను మొదట చేసిన పని చెప్తాను. ఊపిరి పీల్చుకున్నాను. నువ్వు ఏడుస్తూ రాసిన ఉత్తరం చేత్తో పట్టుకుని, మీ పెద్దనాన్న హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, నంబరు పోయింది" అని. అలాంటివాడికి నువ్వు పాదాభివందనం చేశావు.

తర్వాత రెండో పని చేశాను. "ఫరవాలేదు తల్లీ, మనిషన్నాక పొరపాటు సహజం" అని ఒక కార్డు రాశాను. ఎంత బాగుందో ఆ కార్డు! నేను మహానుభావుణ్ణైపోయాను, లాయరు అయ్యో పాపం అంటాడు, తప్పు నీ నెత్తి మీద ఉంటుంది, నా అబద్ధం ఇనప రజనైపోయి నీ గ్రైండరు కింద ఊడ్చుకుపోతుంది. జేబులో పెట్టుకుని పోస్టు డబ్బా దాకా వెళ్లాను. రెండుసార్లు డబ్బా నోట్లో పెట్టాను. రెండుసార్లూ బయటికి తీశాను. కార్డు చింపేసి ఇది రాస్తున్నాను.

నేను రాసిన ఉత్తరానికి నువ్వు ఏ అర్థం తీశావో ఇప్పుడు తెలిసింది. నీ కోత సంగతి నాకు కలలో కూడా తెలీదు. నువ్వు నంబరు గురించి అడిగేసరికి, నా బండారం బయటపడిందని భయపడి రాశాను. విను మరి.

బండి కొన్న ఆరో నెలలో నాకు ఆ జబ్బే పట్టింది, నలుగురూ చూడాలన్న జబ్బు. ఒక వెల్డరుని పట్టుకుని ముందు చక్రం బారెడు ముందుకి వచ్చేలా సాగదీయించాను. ట్యాంకు ఎర్రగా చేయించి దాని మీద మంటలు వేయించాను. అవును, మంటలు. పసుపు అంచు కూడా ఉండేది. అది వేసుకుని మొదటి రోజే తనిఖీకి మార్కెట్టుకి వెళ్లాను. అక్కడ టైపు నేర్పే స్కూలు గేటు ఉండేది. సరిగ్గా ఆడపిల్లలు బయటికొచ్చే వేళకి, కాస్త ఒళ్లు విరుచుకుని మలుపు తిప్పాను. ముందు చక్రం ఊడిపోయింది. చక్రం ఒక దారిన పోయింది, బండి ఒక దారిన పోయింది. నేను వెళ్లి ఉల్లిపాయల కొట్టు పెద్ద తక్కెడ పళ్లెంలో కూర్చున్నాను. ముందురోజే ఆ వ్యాపారికి తప్పుడు తూకమని జరిమానా వేశాను. అతను తాపీగా రెండో పళ్లెం వైపు చూసి, "అయ్యగారు కూడా కాస్త తక్కువే తూగుతున్నారండీ" అన్నాడు. మార్కెట్టు మార్కెట్టంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఎడమ చెవిలో ఇప్పటికీ వినపడుతుంది.

చాసిస్ మెలికలు తిరిగిపోయింది. తుక్కు కొట్లో అదే మోడలు చాసిస్ ఒకటి దొరికితే వేయించి, నల్లరంగు కొట్టించి, ఇంకో ఊరికి బదిలీ చేయించుకున్నాను. ఆర్.సి. మార్పించాలంటే కారణం రాయాలి. ఏమని రాయను, తక్కెడలో పడ్డానని రాయనా? కొత్త ఊళ్లో ఎవరో "బండి కొన్నట్టే ఉంచారండీ" అన్నారు. అవునన్నాను. ఆ ఒక్క అవునూ నలభై ఏళ్లు మొయ్యాల్సి వచ్చింది. ఆర్.సి.లో ఉన్న నంబరు చివర 2718. చాసిస్ మీద ఉన్నది 6093. తీరిగ్గా కూర్చున్నప్పుడల్లా ఆ నాలుగంకెలూ వచ్చి ఎదురుగా నిలబడతాయి. నువ్వు కోసింది అదే అయితే, అమ్మా, నువ్వు అసలు బండిని కొయ్యలేదు. నా అబద్ధాన్ని కోశావు. ఏడవకు.

నీ పెట్టెలో అచ్చులు నువ్వు వాడలేదు. నేను నలభై ఏళ్లుగా ఏ అచ్చూ లేకుండానే దొంగ సీలు కొడుతూ వచ్చాను. ఎవరు ఎవరికి శిక్ష వెయ్యాలి?

లాయరుకి నేనే చెప్తాను. ఎలా చెప్పాలో తెలీడం లేదు. మీ పెద్దమ్మకి మాత్రం చెప్పలేను. ఆవిడ నన్ను చాలా గొప్పవాణ్ణనుకుంటుంది.

ఇట్లు,
సిగ్గుపడుతున్న మీ పెద్దనాన్న

తా.క.: పెద్దమ్మ రాస్తున్నాను. కవరు అంటించమని నాకిచ్చి కూరగాయలకి వెళ్లారు. చదవకుండా అంటించడానికి నేనేమైనా గమ్ము డబ్బానా? ఆ గేటు దగ్గర నవ్విన ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను తల్లీ. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. రెండేళ్ల తర్వాత పెళ్లిచూపులకి వచ్చినప్పుడు చూడగానే గుర్తుపట్టాను. తక్కెడలో కూర్చుని కూడా చొక్కా మడతలు సర్దుకున్న మనిషి, సరే అన్నాను. ఇది ఆయనకి చెప్పకు. ఆయన్ని నేను గొప్పవాడనుకుంటున్నానని అనుకోనీ.

*

మా పెద్దనాన్నకి,

నమస్కారాలు తర్వాత చెప్తాను, ముందు ఇది వినండి. మీ ఉత్తరంలో 6093 అన్న చోట ఆగిపోయాను. కుర్చీలోంచి లేచి వెళ్లి కొయ్యని చాసిస్ తిరగేశాను. దీపం దగ్గర పెట్టి చూశాను. చివర 6093.

మీ చాసిస్‌కి చిన్న గీత కూడా పడలేదు. నేను కోసింది డాక్టరుగారిదే. కొయ్యమన్నదాన్నే కోశాను. కొయ్యనిది మీ ఆర్.సి.తో కలవకపోయేసరికి అది మీది కాదనుకున్నాను. అది ఏనాటి నుంచో దేనితోనూ కలవదని నాకేం తెలుసు?

నేను చెయ్యని తప్పు ఒప్పుకున్నాను. మీరు ఎవరూ అడగని తప్పు ఒప్పుకున్నారు. ఇంకా విచిత్రం చెప్పనా? ఆ రోజు సుత్తి దించకుండా కొట్టేసి ఉంటే, మీ ఆర్.సి. నంబరు వెళ్లి మీ బండి మీదే పడేది. ముగ్గురు జడ్జీలూ తలూపేవాళ్లు, లాయరుగారు మీకు దండ వేసేవారు. నేను మిమ్మల్ని మోసం చేశాననుకుంటూ, మీరు నన్ను మోసం చేశాననుకుంటూ, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతికేసేవాళ్లం.

నంబరు చూడగానే గట్టిగా అరిచాను, సంతోషంతో. అది రెండు నిమిషాలుంది. తర్వాత సిగ్గేసింది. సరైనదాన్ని కోశానని చెప్పుకోవడానికి నాకేం హక్కుంది? చీటీ లేకుండా కోశాను. బొమ్మా బొరుసా ఎగరేస్తే బొమ్మ పడింది, అంతే. పైగా మీరు కార్డు డబ్బాలో వేసేసి ఉంటే మీ పరువు అలాగే ఉండేది. నేను ఏడవకూడదని దాన్ని విప్పి నా ముందు పెట్టారు. నాకు ఆ అవసరమే లేదని ఇప్పుడు తేలింది. దీనికి బదులు ఏమివ్వగలనో తెలీడం లేదు. బండి మాత్రం బాగా చేశాను. వచ్చి చూడండి.

డాక్టరుగారికి కూడా నిజం చెప్పేశాను, ఆయన నంబరు నేను అరగదీశానని. కొత్తగా కొట్టించాలంటే రవాణా ఆఫీసుకి అసలు కాగితాలు కావాలి. అందుకని రేపు ఆయనా నేనూ కలిసి వాళ్ల అత్తగారి కాళ్ల మీద పడటానికి వెళ్తున్నాం. ఇసక షెడ్డాయన దగ్గరికి వెళ్లి, మీరన్నదే నిజమని చెప్పి వచ్చాను. ఆయన నవ్వలేదు. వంద చీటీల కట్ట ఇచ్చాడు.

ప్రదర్శన వాళ్ల దగ్గర్నుంచి ఒక ఫారం తెప్పించి దీంతో పెట్టాను. "అసలు సిసలు" వరుసది కాదు. "మార్పులు చేసిన బళ్లు" అని ఇంకో వరుస ఉంది, దానిది. మీ పేరూ బండి వివరాలూ నింపాను. "ఏం మార్చారు, ఎందుకు మార్చారు" అన్న గడి ఖాళీగా వదిలాను. అది మీ చేత్తో మీరే రాయాలి. ఆ వరుసలో ఉన్న బళ్లన్నిటిలో మారినట్టు కనపడనిది మీదొక్కటే అవుతుంది. జనం ఎందుకని అడుగుతారు. మీరు చెప్తుంటే పక్కన నేను నిలబడతాను. ఎవరైనా నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు. వద్దనుకుంటే ఫారం చింపెయ్యండి, నేనేమీ అనుకోను.

ఇప్పుడు నమస్కారాలు.

ఇట్లు,
మీ పానా

తా.క.: ఫారం చివర ఒక నిబంధన ఉంది. మార్పుకి బిల్లులు లేకపోతే, ఆ కాలంలో బండిని కళ్లారా చూసినవాళ్లు ఒకరు సాక్షి సంతకం చెయ్యాలట. ఆ రోజు ఆ గేటు దగ్గర ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారని దిగులుపడకండి. ముందు ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.